యుద్ధమంతా వ్యాపారమే అంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న:

నమస్కారమండీ. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. అమెరికా వచ్చి ఇరవై రెండేళ్లయింది. మావారిది సాఫ్ట్‌వేర్. ఒక్కడే అబ్బాయి, ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు ఇరవై ఏళ్లు. మెకానికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు, కోపం వస్తే మాత్రం ఇంగ్లీషే.

శ్రీకాకుళం నుంచి మా మామగారు ఆరు నెలలకని వచ్చారు. ఆయన నేవీలో పదిహేనేళ్లు పనిచేశారు. 71 యుద్ధమప్పుడు వైజాగ్‌లో ఉన్నారు. దాని గురించి ఇంట్లో ఎప్పుడూ పెద్దగా చెప్పింది లేదు.

గొడవ ఇదీ. కాలేజీలో మావాడికి 'వై వుయ్ ఫైట్' అనే డాక్యుమెంటరీ వేశారట. అమెరికా చేసిన యుద్ధాలు, ఆయుధాల కంపెనీల గురించి. సరిగ్గా ఆ వారమే యుద్ధ విమానాలు తయారుచేసే ఒక పెద్ద కంపెనీ నుంచి సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఆఫర్ వచ్చింది. వద్దంటున్నాడు. చంపడానికి పనికొచ్చే వస్తువు చేసి జీతం తీసుకోనన్నాడు. మావారు అగ్గి మీద గుగ్గిలం. "సిటిజన్‌షిప్ లేదని ఇలాంటి కంపెనీల గేటు దాకా కూడా మమ్మల్ని రానివ్వలేదు. వీణ్ణి పిలిచి ఇస్తుంటే కాలదన్నుతున్నాడు" అని ఆయన బాధ. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర మాటామాటా పెరిగింది. మామగారు కల్పించుకుని, "దేశాన్ని కాపాడే పనిని అంత చులకన చేయకూడదు నాన్నా" అన్నారు. దానికి వీడు, "తాతయ్యా, ఆ ఆటలో మీరూ ఒక పావే. మీకు తెలియలేదంతే" అనేశాడు.

మామగారు ఏమీ అనలేదు. మర్నాటి నుంచి సాయంత్రం ఆరున్నరకే తినేసి గదిలోకి వెళ్లిపోతున్నారు. అడిగితే "ఇంకా జెట్‌లాగ్ తగ్గలేదమ్మా" అంటున్నారు. ఆయన వచ్చి రెండు నెలలు దాటింది.

ఆ సినిమాలో చెప్పింది నిజమేనా? నిజమైతే మావారికేం చెప్పాలి? కాకపోతే మావాడికేం చెప్పాలి? ఆఫర్‌కి జవాబు చెప్పడానికి ఇంకా మూడు వారాలే ఉంది.

— ఒక తల్లి, టెక్సస్

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో నేను మళ్లీ వెనక్కి వెళ్లి చదువుకున్నది సినిమా సంగతి కాదు, ఆ జెట్‌లాగ్ మాట. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీరడిగిందానికి జవాబు చెప్పాలి కదా.

ఆ సినిమా చూశాను. యూజీన్ జరెకీ తీశాడు, 2005లో వచ్చింది, ఆ ఏడాది సన్‌డాన్స్ చిత్రోత్సవంలో అమెరికన్ డాక్యుమెంటరీల్లో మొదటి బహుమతి కొట్టింది. ఆ పేరు అతను కొత్తగా పెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, సైన్యంలో కొత్తగా చేరిన కుర్రాళ్లకి మనం ఎందుకు పోరాడుతున్నామో నూరిపోయడానికి అమెరికా సైన్యం ఫ్రాంక్ కాప్రా అనే హాలీవుడ్ దర్శకుడి చేత ఏడు సినిమాలు తీయించింది. వాటి పేరూ ఇదే. అప్పుడది జవాబు. అరవై ఏళ్ల తర్వాత జరెకీ దాన్నే ప్రశ్నగా మార్చి జనం ముందు పెట్టాడు.

నిజమా కాదా అంటారా? అందులో చూపించిన సంగతులు చాలావరకు నిజాలే. కాకపోతే చూసి బయటికి వచ్చినవాళ్లు ఒక్కోసారి సినిమా కన్నా చాలా చిన్న ముక్కను పట్టుకుని వస్తారు. మీవాడూ అలాగే వచ్చినట్టున్నాడు.

ఎందుకంటే అందులో నాకు నిద్ర పట్టనివ్వని మనిషి ఏ ఆయుధాల కంపెనీ యజమానీ కాదు. న్యూయార్క్ పోలీసు శాఖలో సార్జెంట్‌గా చేసి రిటైరైన ఒక తండ్రి. వయసులో ఉన్నప్పుడు వియత్నాంలో హెలికాప్టర్ గన్నర్‌గా పనిచేశాడు. 2001 సెప్టెంబర్ 11న జంట భవనాలు కూలినప్పుడు అందులో కొడుకు పోయాడు. ఇరాక్ మీద యుద్ధం మొదలయ్యాక ఆ తండ్రి సైన్యానికి ఒక కోరిక రాసి పంపాడు. మీరు వేసే బాంబుల్లో ఒకదాని మీద మా అబ్బాయి పేరు రాస్తారా అని. రాశారు. వేశారు. వేశామని ఆయనకు కబురూ పంపారు. కొన్ని నెలలు గడిచాయి. 2003 సెప్టెంబర్ 17న అధ్యక్షుడు బుష్ విలేకరులతో మాట్లాడుతూ, సెప్టెంబర్ 11 దాడుల్లో సద్దాం హుస్సేన్ చెయ్యి ఉందనడానికి మా దగ్గర ఆధారం లేదన్నారు. ఆ మాట టీవీలో విన్న ఆ తండ్రి సినిమాలో తన సంగతి చెప్పుకుంటుంటే చూడలేం. కొడుకు పేరు వెళ్లి ఎవరి నెత్తి మీద పడింది మరి?

ఈ మనిషికి ఆ యుద్ధంలో పైసా లాభం లేదు. అయినా యుద్ధం కావాలనుకున్నాడు. మీవాడు అంతా వ్యాపారమే అన్నప్పుడు ఈయన్ని ఏ ఖాతాలో రాశాడో ఒకసారి అడగండి. గొడవ పెట్టుకోవడానికి కాదు, నిజంగానే తెలుసుకోవడానికి అడగండి.

ఇంకో మనిషి కూడా ఉంది అందులో. ఆన్ డువాంగ్. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ కమ్యూనిస్టుల చేతికి చిక్కినప్పుడు పదిహేనేళ్ల పిల్లగా ప్రాణాలు దక్కించుకుని అమెరికా చేరింది. చదువుకుని నేవీ ప్రయోగశాలలో శాస్త్రవేత్త అయింది. గుహల్లో దాక్కున్నవాళ్ల మీద వేయడానికి అఫ్గానిస్తాన్ యుద్ధం కోసం ఒక కొత్త రకం బాంబును అరవై ఏడు రోజుల్లో తయారుచేసిన బృందానికి నాయకురాలు ఆమె. తనకు నీడనిచ్చిన దేశం రుణం తీర్చుకుంటున్నానని అనుకుంది. మీవాడు చదువుతున్న చదువుకి అందరికన్నా దగ్గరి మనిషి ఈమే. ఈమె గురించి వాడేమన్నాడో మీ ఉత్తరంలో లేదు.

అలాగని కంపెనీల సంగతి అబద్ధమని కాదు. అక్కడ మీవాడు పట్టుకున్నది గట్టిదే. మీ ఇంట్లో ఈపాటికి 'మిలిటరీ-ఇండస్ట్రియల్ కాంప్లెక్స్' అన్న మాట వందసార్లు వినబడి ఉంటుంది. సైన్యం, ఆయుధ పరిశ్రమ ఒకదాన్నొకటి అల్లుకుపోవడం అని దాని అర్థం. ఆ మాటను జనంలోకి తెచ్చింది జెండాలు పట్టుకున్న విద్యార్థి నాయకుడు కాదు. హిట్లర్ మీద మిత్రదేశాల సేనల్ని నడిపించిన ఐదు నక్షత్రాల జనరల్, రెండుసార్లు గెలిచిన రిపబ్లికన్ అధ్యక్షుడు డ్వైట్ ఐసెన్‌హోవర్. 1961 జనవరి 17న, పదవి దిగడానికి మూడు రోజుల ముందు టీవీలో దేశానికి వీడ్కోలు చెబుతూ అన్నాడు. మీవారికి ఈ ఒక్క సంగతి చెప్పండి, సగం కోపం తగ్గుతుంది. ఆ భయం మీవాడి బుర్రలో పుట్టింది కాదు, ఒక పెద్ద సైనికుడి బుర్రలో పుట్టింది.

అయితే ఆ ప్రసంగం మొత్తం చదవమని మీవాడికీ చెప్పండి. చిన్నదే, పావుగంటలో అయిపోతుంది. ఐసెన్‌హోవర్ ఆయుధాలు వద్దనలేదు. అవి కావాలనే అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం దాకా అమెరికాకు శాశ్వతమైన ఆయుధ పరిశ్రమే లేదు, నాగళ్లు చేసేవాడే అవసరమైతే కత్తులూ చేసేవాడు, ఇప్పుడలా కుదరదు, ముప్ఫై ఐదు లక్షల మంది నేరుగా రక్షణ రంగంలో ఉన్నారు అని లెక్క చెప్పాడు. ఆ తర్వాత హెచ్చరించాడు. ఆ హెచ్చరికలో జనం ఎప్పుడూ వదిలేసే రెండు మాటలున్నాయి. ఈ కూటమికి రాకూడనంత పలుకుబడి రావచ్చు, "కోరుకున్నా, కోరుకోకపోయినా" అన్నాడు. ఆ 'కోరుకోకపోయినా' దగ్గరే ఉంది అసలు విషయం. చీకటి గదిలో నలుగురు కోటీశ్వరులు కూర్చుని ఏ దేశం మీద పడదామా అని చీట్లు తీయనక్కర్లేదు. ఎవరి పని వాళ్లు శ్రద్ధగా చేసుకుపోతున్నా చాలు.

(ఆయనేమీ శాంతమూర్తి కాదు లెండి. ఆయన హయాంలోనే 1953లో ఇరాన్‌లో, 1954లో గ్వాటెమాలాలో సీఐఏ ప్రభుత్వాల్ని కూలదోసింది. వెయ్యి దగ్గరున్న అణ్వస్త్రాలు ఇరవై వేల దరిదాపులకు వెళ్లాయి. తన వంటింట్లో ఏం ఉడికిందో తెలిసిన మనిషి కాబట్టే ఆ మాటకు అంత బరువు.)

ఎవరి పని వాళ్లు చేసుకుపోవడం అంటే ఎలా ఉంటుందో చెప్తాను. ఒహాయో రాష్ట్రంలో లైమా అని ఒక చిన్న ఊరు. ఏబ్రమ్స్ ట్యాంకులు అక్కడే తయారవుతాయి. 2012లో అమెరికా సైన్యాధిపతి జనరల్ ఒడియెర్నో కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) సభ్యుల ముందుకి వెళ్లి, మా దగ్గరున్న ట్యాంకులు చాలు, కొన్నేళ్లు ఆ పని ఆపితే డబ్బు వేరేదానికి వాడుకుంటాం అని చెప్పాడు. ఊహించుకోండి, తినేవాళ్లు వద్దంటున్నా విస్తట్లో వడ్డిస్తూనే ఉన్నట్టు, కాంగ్రెస్ ఒప్పుకోలేదు. డబ్బిచ్చింది, పని ఆపనివ్వలేదు. మామూలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు పార్టీలూ ఈ ఒక్క విషయంలో కలిసిపోయాయి. లైమాలో వెల్డర్ల ఉద్యోగాలున్నాయి. ఆ ట్యాంకుకి చిన్నాచితకా భాగాలు చేసిపెట్టే వందల చిన్న కంపెనీలు ఎన్నో రాష్ట్రాల్లో ఉన్నాయి. ఒకసారి మూసేస్తే మళ్లీ ఆ చేతిపని తెలిసినవాళ్లు దొరకరన్నారు. అందులోనూ న్యాయం లేకపోలేదు. ఆ వెల్డర్‌ని గానీ, అతని దగ్గరికి ఓటు కోసం వెళ్లే సభ్యుణ్ణి గానీ దుర్మార్గుడని అనడానికి నాకు నోరు రాదు. కానీ వాళ్లందరినీ కలిపి చూస్తే, సైన్యమే వద్దన్న ఖర్చు ఆగలేదు.

మీ ఇంటి నుంచి గంట ప్రయాణంలో ఫోర్ట్ వర్త్ ఉంది కదా, ఎఫ్-35 యుద్ధ విమానాల్ని ఎక్కువగా బిగించేది అక్కడే. దాని భాగాలు నలభైకి పైగా రాష్ట్రాల నుంచి వస్తాయి. కొనడం, నడపడం, మరమ్మతులు అన్నీ కలిపి ఆ విమానాల జీవితకాలం ఖర్చు 1.7 లక్షల కోట్ల డాలర్లు దాటుతుందని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2023లో చెప్పింది. ఇంత ఖర్చు దేనికని అడగాల్సిన సభ్యుడి నియోజకవర్గంలోనే ఒక బోల్టో, ఒక వైరో తయారవుతుంటే అతను గట్టిగా ఎలా అడుగుతాడు? స్టాక్‌హోమ్‌లోని సిప్రీ సంస్థ లెక్క ప్రకారం 2024లో అమెరికా సైనిక ఖర్చు 99,700 కోట్ల డాలర్లు. ప్రపంచ దేశాలన్నీ కలిసి పెట్టినదాంట్లో మూడో వంతు కన్నా ఎక్కువ.

ఇక శవాల మీద పేలాలు ఏరుకున్నవాళ్లు లేరా అంటే, ఉన్నారు. డిక్ చెనీ రక్షణ మంత్రిగా చేసి, తర్వాత చమురు బావుల పనులు చేసే హాలిబర్టన్ కంపెనీకి అధిపతిగా ఐదేళ్లుండి, మళ్లీ ఉపాధ్యక్షుడయ్యాడు. ఇరాక్ యుద్ధం వచ్చినప్పుడు అక్కడి చమురు బావుల్ని బాగుచేసే పని ఆ హాలిబర్టన్ అనుబంధ సంస్థకే టెండర్ లేకుండా దక్కింది. సైనికులకు అన్నం పెట్టడం దగ్గర్నుంచి బట్టలు ఉతకడం దాకా కాంట్రాక్టులు వేల కోట్ల డాలర్లకు వెళ్లాయి. ఇది దాచిన రహస్యం కాదు, అందరికీ తెలిసిన సంగతే. అయినా చమురు కోసమే యుద్ధం అన్న లెక్క పూర్తిగా కుదరదు. 2009లో ఇరాక్ తన చమురు క్షేత్రాల్ని వేలం వేస్తే, అమెరికా ఎక్సాన్‌కి ఒక పెద్దది దక్కిన మాట నిజమే కానీ, బ్రిటన్, చైనా, రష్యా, మలేషియా కంపెనీలు కూడా పెద్ద ముక్కలే పట్టుకుపోయాయి. డబ్బు కోసమే చేసినవాళ్లు ఇంత చేతకానివాళ్లా అనిపిస్తుంది.

నాకు తోచింది చెప్తాను. 'ఎందుకు పోరాడతాం' అన్నది చూడ్డానికి ఒక ప్రశ్న. దాని కడుపులో చాలా ప్రశ్నలున్నాయి. గద్దె మీదున్నవాడు యుద్ధం ఎందుకు మొదలుపెట్టాడన్నది ఒకటి. జనం ఎందుకు సరేనన్నారన్నది వేరే. మొదలైంది ఎందుకు ఆగదన్నది ఇంకోటి. ఆ కుర్రాడు వెళ్లి ఎందుకు చేరాడన్నది వీటిలో దేనికీ సంబంధం లేని ప్రశ్న. ఆ సినిమాలోనే ఒక కుర్రాడున్నాడు, తల్లి పోయింది, అద్దె కట్టే దారి లేదు, సైన్యంలో చేరతాడు. అతనికి బాగ్దాద్‌తో పేచీ లేదు. కంపెనీల డబ్బు నా దృష్టిలో ఎక్కువగా కనిపించేది మూడో ప్రశ్న దగ్గర. నిప్పు రాజేసేది భయమో, పంతమో, పగో. డబ్బు చేసే పని ఆ ఇంటి చుట్టూ ఎప్పుడూ ఎండుగడ్డి వేసి ఉంచడం, నీళ్ల బిందెలు దూరంగా జరిపేయడం. మీవాడు ఈ ప్రశ్నలన్నిటికీ కలిపి ఒకే జవాబు రాసేశాడు. ఇరవై ఏళ్లకి అది తప్పు కాదు. నలభై ఏళ్లకి కూడా అలాగే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

ఇప్పుడు మీ మామగారి దగ్గరికి వస్తాను.

1971 డిసెంబర్ 3 రాత్రి నాకు పదకొండేళ్లు. వైజాగ్‌లో అల్లిపురంలో అద్దెకుండేవాళ్లం. ఆ సాయంత్రమే పాకిస్తాన్ మన విమానాశ్రయాల మీద దాడి చేసింది. ఇందిరాగాంధీ రేడియోలో మాట్లాడతారని నాన్న మేలుకుని కూర్చున్నారు. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి ఒక పెద్ద చప్పుడు. కిటికీ అద్దాలు గడగడలాడాయి. అమ్మ నన్నూ చెల్లెల్నీ మంచం కిందికి తోసింది. ఆ నెలంతా కిటికీలకి నల్లకాగితాలే. ఆ చప్పుడు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీదని తర్వాత తెలిసింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికి వచ్చి మన రేవు ముందే మునిగిపోయింది. మన రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ చార్జీల (నీళ్ల లోపల పేలే బాంబుల) వల్ల అని మనవాళ్లు అంటారు, లోపలే ఏదో పేలిందనో తామే పరిచిన మైను తగిలిందనో అవతలివాళ్లు అంటారు. ఎలా మునిగినా అందులో ఉన్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరు కూడా బతకలేదు.

ఇది మన ఊళ్లో అందరికీ తెలిసిన కథే. నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసిన ముక్క వేరే ఉంది. ఘాజీ పాకిస్తాన్‌లో తయారైంది కాదు. దాని మొదటి పేరు డయాబ్లో. అమెరికా నౌకాదళానిది. జపాన్‌తో యుద్ధానికని కట్టి 1944లో నీళ్లలోకి దించారు. అది పోరాటంలోకి దిగేలోపే ఆ యుద్ధం అయిపోయింది. ఇరవై ఏళ్లు అటూ ఇటూ తిరిగి, కమ్యూనిస్టులకు ఎదురు నిలబడే మిత్రదేశమని 1964లో పాకిస్తాన్‌కి లీజుకిచ్చారు. ఒక యుద్ధం కోసం పుట్టి, ఇంకో యుద్ధం లెక్కలో చేతులు మారి, దానికి ఏ సంబంధమూ లేని మూడో యుద్ధంలో వచ్చి వైజాగ్ ముందు మునిగింది. మనవైపు మాత్రం ఏముంది? విక్రాంత్ బ్రిటన్‌లో కట్టింది. రాజ్‌పుత్ బ్రిటన్ వాడి పాత యుద్ధనౌక. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి సోవియట్ యూనియన్‌ది. సెలవులకి వచ్చినప్పుడు మీవాడు దాని లోపలికి ఎక్కే ఉంటాడు.

అంటే మీవాడు కాలేజీలో చూసిన కథ, మీ మామగారు గుండెలో దాచుకున్న కథ వేరువేరు కావమ్మా. ఒకే కథ, ఒకరు ఫ్యాక్టరీ గేటు వైపు నుంచి చూశారు, ఒకరు సముద్రం వైపు నుంచి. డయాబ్లో సంగతి మీ మామగారికి తెలిసే ఉంటుంది. నేవీవాళ్లకి ఇలాంటివి నోటికొచ్చు. తన మనవడు పుట్టిన దేశంలో కట్టిన ఇనుమే ఆ రాత్రి తన మీదికి వచ్చిందని తెలిసి కూడా, ఆ దేశం వచ్చి రెండు నెలలుగా మీ ఇంట్లో నిశ్శబ్దంగా పేపర్ చదువుకుంటున్న మనిషి ఆయన. ఆయనకి ఏమీ తెలియదనుకోవడం దగ్గరే మీవాడు పొరబడ్డాడు.

పావు అన్న మాట గురించి మాత్రం నేను మధ్యవర్తిగా మాట్లాడలేను. తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది శరణార్థులు నెత్తిన మూటలతో వచ్చిన యుద్ధం అది. ఆయుధాలు అమ్ముకోవడానికి మొదలైంది కాదు. ఆ రాత్రి రేవు దగ్గర కాపలా కాసినవాళ్ల వెనక, మంచం కింద నక్కిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. పావుకి తన వెనక ఏముందో తెలియదు. మీ మామగారికి తెలుసు.

అయినా మీవాణ్ణి నిలబెట్టి "తాతయ్యకి సారీ చెప్పు" అనకండి. చెప్తాడు, ఫోన్ చూసుకుంటూ చెప్తాడు, ఆయన పర్లేదు నాన్నా అంటారు, ఆరున్నర భోజనం అలాగే ఉంటుంది. దానికి బదులు ఘాజీ-డయాబ్లో సంగతి మీవాడి చెవిన వేయండి. మెకానికల్ చదివేవాడు, అమెరికా జలాంతర్గామి బంగాళాఖాతంలోకి ఎలా వచ్చిందో వాడే తవ్వుకుంటాడు. తవ్వాక అడగడానికి వాడికి మిగిలేది ఇంట్లో ఒక్క మనిషే. ప్రశ్న అడగడానికి వెళ్లినవాడు క్షమాపణ కూడా ఎలాగోలా చెప్పేసే వస్తాడు. వాడు అడగాల్సింది ఇంకోటి ఉంది, కుదిరితే నేర్పండి: "తాతయ్యా, మీరు నేవీలో ఎందుకు చేరారు?" శ్రీకాకుళంలో ఆ రోజుల్లో ఇంట్లో నలుగురు తమ్ముళ్లున్న కుర్రాడికి ఎందుకో నేను ఊహించగలను. వాడు ఊహించలేడు. ఆ సినిమాలో అద్దె కట్టలేక చేరిన అమెరికా కుర్రాడి మొహం వాడికి అప్పుడు గుర్తొస్తే చాలు. ఆ సినిమా ఇంకోసారి ఇద్దరూ కలిసి చూస్తే ఇంకా మంచిది. మీరూ మీవారూ ఆ గదిలో ఉండకండి.

ఇంటర్న్‌షిప్ గురించి సూటిగా చెప్తాను. నిర్ణయం వాడిదే. కానీ వద్దనే ముందు వాడు చేయాల్సిన హోంవర్క్ ఉంది. ఆ కంపెనీలో తనకిచ్చే పని ఏ విభాగంలో, ఏ వస్తువు మీద అని అడగాలి. ఆయుధాల కంపెనీల్లో కూడా ఉపగ్రహాలు, రాడార్లు, రక్షించే పరికరాలు చేసే విభాగాలుంటాయి. తేడా ఉందా లేదా అన్నది వాడు తేల్చుకోవాలి, సినిమా కాదు. చేరితే ఆ పని గురించి ఇంట్లో నోరు విప్పలేని రోజులు రావచ్చు. అమెరికా పౌరులు కాని తాతయ్య లాంటివాళ్ల దగ్గర మరీను. ఆ మౌనం తనకు పడుతుందా అనీ చూసుకోవాలి. ఇవన్నీ చూసుకుని కూడా వద్దనిపిస్తే, మానేయనివ్వండి. ఒక వేసవి పోతే మెకానికల్ ఇంజనీరు జీవితం పోదు. ప్రయాణికుల విమానాలున్నాయి, గాలిమరలున్నాయి, హాస్పిటల్ యంత్రాలున్నాయి. సగం మనసుతో వెళ్లినవాడు ఎక్కడా పని నేర్చుకోడు.

ఒక చిలిపి మాట. చేతులు శుభ్రంగా ఉంచుకున్నానని వాడు మరీ పొంగిపోతుంటే, వాళ్ల నాన్న రిటైర్మెంట్ కోసం దాచుకునే 401కె ఖాతాలో ఇండెక్స్ ఫండ్ ఏదైనా ఉందేమో చూడమనండి. అమెరికాలోని ఐదు వందల పెద్ద కంపెనీల షేర్లు కలిపి కొనే ఎస్ అండ్ పీ 500 ఫండ్ అయితే అందులో పెద్ద ఆయుధాల కంపెనీల షేర్లు ఉండే తీరతాయి. వాడి కాలేజీ ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందో కాసేపు ఆలోచించుకుంటాడు. ఇది వాడి నోరు మూయించడానికి చెప్పమనడం లేదు. ఐసెన్‌హోవర్ 'కోరుకోకపోయినా' అన్నది ఎలా ఉంటుందో మన ఇంట్లోనే చూపించడానికి.

మీవారితో మాత్రం వేరే సమయంలో, వేరే గదిలో మాట్లాడండి. ఆయన కోపం కొడుకు మీద కాదని మీకూ తెలుసనుకుంటాను. ఇరవై రెండేళ్లు వీసాల క్యూలో నిలబడ్డ మనిషి, తనకు మూసి ఉన్న గేటు కొడుక్కి తెరుచుకోవడం చూశాడు. కొడుకు ఆ గేటు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ దెబ్బ ఎవరికైనా తగులుతుంది. ఆ గేటు సంగతి ఆయన కొడుక్కి ఎప్పుడైనా చెప్పాడా, లేక నేరుగా కేకలేనా? చెప్పలేదనే నా అనుమానం. ఆ తండ్రి కొడుక్కి చెప్పలేదు, ఆయన తండ్రి ఆయనకి చెప్పలేదు. మీ ఇంట్లో మగవాళ్లు ముగ్గురికీ ఇదొక్కటి వారసత్వంగా వచ్చినట్టుంది.

మీ మామగారు తిరిగి వెళ్లడానికి ఇంకా నెలలున్నాయి. ఆయన నోరు విప్పిన రోజున, ఆ డిసెంబర్ రాత్రి ఆయన రేవులో ఉన్నారో, ఏదైనా ఓడ మీద ఉన్నారో, ఆ చప్పుడు ఆయన ఎక్కడి నుంచి విన్నారో అడిగి నాకో ఉత్తరం రాయండి. యాభై ఏళ్లుగా సముద్రం వైపు నుంచి విన్నవాళ్లెవరైనా దొరుకుతారేమోనని చూస్తున్నాను.